మా బావగారి రిపోర్టులో ఏఎల్ఎస్ (నరాలు దెబ్బతిని కండరాలు పనిచెయ్యకుండా పోయే జబ్బు) అని లేదు, వీఏ (అమెరికా మాజీ సైనికుల సంక్షేమ శాఖ) క్లెయిమ్ ఎలా వెయ్యాలి?
అందరికీ నమస్తే అండి. మా అక్కావాళ్లు టెక్సాస్‌లో ఉంటారు, బావగారు యూఎస్ ఆర్మీలో 6 ఏళ్లు చేసి బయటికొచ్చారు, ఇప్పుడు చేతుల్లో పట్టు పోయి చొక్కా గుండీలు కూడా అక్కే పెడుతోంది. కనీసం 90 రోజులు ఆగకుండా సర్వీస్ చేసినవాళ్లకి ఏఎల్ఎస్ వస్తే సర్వీస్ వల్లే వచ్చినట్టు లెక్క అని 2008 నుంచి రూల్ ఉంది, 2012 నుంచి నేరుగా 100 శాతం రేటింగ్ (అంటే పూర్తి వైకల్యం కింద లెక్క) ఇస్తున్నారు, ఇంతవరకు తెలుసు. కానీ డాక్టర్ మోటార్ న్యూరాన్ డిసీజ్ (ఏఎల్ఎస్ కూడా వచ్చే జబ్బుల గుంపు పేరు) అని మాత్రమే రాశారు, ఆ రూలేమో ఏఎల్ఎస్‌కే, అదే మా భయం. ముందు ఇంటెంట్ టు ఫైల్ (క్లెయిమ్ వెయ్యబోతున్నామని ముందే తెలియజేయడం) పెట్టేసి డేట్ కాపాడుకుని, న్యూరాలజిస్ట్ దగ్గర క్లియర్‌గా లెటర్ తర్వాత తెచ్చుకుంటే సరిపోతుందా? బాత్రూమ్ మార్పులకి, వీల్‌చెయిర్ వ్యాన్‌కి గ్రాంట్లు కూడా అప్పుడే అడగాలా? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే త్వరగా చెప్పండి ప్లీజ్, ఈ జబ్బు కాగితాల కోసం ఆగదు కదండీ.