సాన్ స్టార్మ్ ఇంజన్ ఎలాగూ దింపాం, టర్బో పెట్టించేద్దామా?

స్టార్మ్‌వాలా:
గోవాలో తయారైన సాన్ స్టార్మ్ నాది, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. రెనో 1149 సీసీ ఇంజన్, కొత్తలో 60 హార్స్‌పవర్. ఆయిల్ తాగుతోందని ఇంజన్ దింపించా. బ్లాకు రాణిగంజ్‌లో లేత్ షాపులో ఉంది. రీబోర్ (సిలిండర్లు తొలిచి వెడల్పు చేయడం) తప్పదు, పిస్టన్లూ కొత్తవే. ఈ ఖర్చులోనే, ఇంజన్‌లోకి గాలి ఒత్తిడిగా ఎక్కించి పవర్ పెంచే చిన్న టర్బో పెట్టించేస్తే? రోజూ తిరిగే బండి కాదు, ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ మీద ఒక రౌండు, అంతే.

రెడ్‌లైన్:
పెట్టేయ్ అన్నా. ఫైబర్ బాడీ, తేలిక. ఎగిరిపోద్ది.

పాతబండి:
వద్దండి. అది టర్బో కోసం చేసిన ఇంజన్ కాదు. కంపెనీ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే లెక్క) అలాగే ఉంచి బూస్ట్, అంటే టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి ఇస్తే, మన మే నెల ఎండలో నాకింగ్ (పెట్రోల్ వేళకాని వేళ తనంతట తానే అంటుకోవడం) మొదలవుతుంది. 'ఈ ఖర్చులోనే' అన్నారు చూడండి, దెబ్బ తినేది అక్కడే. టర్బో ఒక్కటే కొంటే సరిపోదు. మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఆ తర్వాత క్లచ్, బ్రేకులు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

స్టార్మ్‌వాలా:
అర బార్ బూస్ట్ చాలు సార్. రెనో వాళ్లే తర్వాత 1149 సీసీకి టర్బో పెట్టి ట్వింగో జీటీలో 100 హార్స్‌పవర్ తీశారు కదా?

పాతబండి:
సీసీ ఒకటే, సిలిండర్ హెడ్ (వాల్వులుండే పై భాగం) వేరు. అది 16 వాల్వులు, మీది 8.

మౌలాలి లేత్:
పెట్టినా పెట్టకపోయినా లేత్ షాపుకి ఇప్పుడే ఒక మాట చెప్పండి. బూస్ట్ మీద పిస్టన్ రింగులు బాగా వేడెక్కి సాగుతాయి. రింగు కొసల మధ్య మామూలు గ్యాప్ వదిలితే రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి, రింగు బోర్‌ని (సిలిండర్ లోపలి గోడని) గీకేస్తుంది, లేదా పిస్టన్ గాడి అంచు విరుగుతుంది. రింగుని బోర్‌లో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో చూస్తూ కొస కొద్దికొద్దిగా అరగదీయాలి. గ్యాప్ కాస్త ఎక్కువైనా టర్బో లేకుండా బండి నడుస్తుంది. తక్కువైతే టర్బోతో నడవదు.
ఇంకోటి. టర్బో నుంచి ఆయిల్ దానంతటదే జారి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) రావాలి. ఆ పైపు సంపులోని ఆయిల్ మట్టం కంటే పైనే కలవాలి. కింద కలిపారో, ఆయిల్ వెనక్కి తన్ని సీళ్లలోంచి కారి సైలెన్సర్‌లో నీలం పొగ.

రెడ్‌లైన్:
100 ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే నాకింగ్ ఎందుకొస్తుంది? ఆక్టేన్ ఎంత ఎక్కువైతే నాకింగ్‌ని అంత తట్టుకుంటుంది కదా.

పాతబండి:
అది ప్రతి బంకులోనూ దొరుకుతుందా?

రెడ్‌లైన్:
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక మామూలు పెట్రోలే 95.

పాతబండి:
ఆ ఈ20కి పాత రబ్బరు పైపులు తట్టుకోవు. ముందు అవి మార్చుకోమనండి.

రెడ్‌లైన్:
పైపులు టర్బో లేకపోయినా మార్చాల్సిందే కదా. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

మౌలాలి లేత్:
పెట్రోల్ గొడవ ఆపండి బాబూ. ట్యూనింగ్ ఎవరు చేస్తారో తేల్చుకోండి ముందు.

కొత్తపేట వీటెక్:
అదీ అసలు ప్రశ్న. నా హోండా సిటీకి ఒకతను టర్బో పెట్టాడు. ఈసీయూలోని మ్యాప్‌కి (పెట్రోల్, స్పార్క్ ఎప్పుడెంతో చెప్పే సెట్టింగులకి) పాస్‌వర్డ్ వేసుకున్నాడు. సమ్మర్‌లో నాకింగ్ వస్తోందంటే 'తీసుకురా చూద్దాం' అంటాడు, వెళ్తే ఉండడు. చివరికి మూడో పిస్టన్ కరిగిపోయింది. నా బండి ఈసీయూలోకి నేనే వెళ్లలేను!

రెడ్‌లైన్:
మనిషి తేడా అయితే టర్బోది తప్పా?

పాతబండి:
చట్టం మాటేమిటి? బండికి మార్పులు చేయడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా రాకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

రెడ్‌లైన్:
సీసీ మారదుగా. బానెట్ ఎత్తి చూసేదెవరు?

పాతబండి:
యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూస్తాడు. 15 ఏళ్లు దాటిన బండి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే అక్కడా చూస్తారు.

స్టార్మ్‌వాలా:
సార్, ఇక్కడ ఎవరు ఏ పాత బండి గురించి అడిగినా మీ జవాబు ఒకటే: ముట్టుకోవద్దు. మీ బళ్లు కవర్లు కప్పి దాచుకోండి. నాది నడపడానికి కొనుక్కున్నా.

పాతబండి:
కప్పే దాచుకుంటా. స్టార్మ్‌లు ఎన్ని మిగిలాయండీ ఊళ్లో? ఆ బ్లాకు పగిలితే ఇంకో బ్లాకు ఎక్కడ తెస్తారు? కంపెనీ టర్బోతోనే వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పొలో టీఎస్ఐని దాటాలనే సరదా ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో పొలోనే కొనుక్కోండి. ఉన్న ఒక్కదాన్నీ చెడగొట్టే హక్కు మీకెవరిచ్చారు?

స్టార్మ్‌వాలా:
ఆర్‌సీ ఇచ్చింది. దాని మీద ఉన్నది నా పేరే. ఒరిజినల్, ఒరిజినల్ అని డోర్ రబ్బర్ల దగ్గర్నుంచి వెతుక్కుంటూ కూర్చున్నా ఇన్నాళ్లూ. బండి రోడ్డెక్కిందే తక్కువ. ఎక్కినా ఫ్లైఓవర్ మీద ఆటోవాడు హారన్ కొడతాడు. మావాడు పక్కన కూర్చోడు. 'నాన్నా, యాక్టివా నయం' అంటాడు. మా ఆవిడ అమ్మేయమంటోంది. నడపాలనిపించేలా చేసుకోలేకపోతే అమ్మేస్తా. నా బాధ అదీ. హార్స్‌పవర్ లెక్కలు కాదు.

పాతబండి:
అమ్మేట్టయితే టర్బో పెట్టకముందే నాకో మాట చెప్పండి.

రెడ్‌లైన్:
ఓహో! ఇందుకా సార్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు?

కొత్తపేట వీటెక్:
😂

పాతబండి:
అడగడం తప్పా? నా దగ్గరైతే అది అలాగే ఉంటుంది. అదే నేను చెప్పేది మొదట్నుంచీ.

స్టార్మ్‌వాలా:
ఇప్పుడైతే అమ్మట్లేదు. లేత్ అన్నా, రింగు గ్యాప్ టర్బో లెక్కకే వదలమని ఫోన్ చేసి చెప్పా. మిగతావి డబ్బు చూసుకుని, ట్యూనర్ దొరికాక.

మౌలాలి లేత్:
మంచిది. మ్యాప్ పాస్‌వర్డ్ మీ చేతికిస్తానని రాసిచ్చేవాడే ట్యూనర్.

పాతబండి:
ఒరిజినల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పాతసామాన్లవాడికి వేయకండి. నేను తీసుకుంటా.