డెన్మార్క్ సూపర్ మార్కెట్లకు మన పచ్చళ్ళు: ముందు ఎవరిని కలవాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర చిన్న పచ్చళ్ళ యూనిట్. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్, ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), ఎపెడా (వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) రిజిస్ట్రేషన్ అన్నీ ఉన్నాయి. ఆవకాయ, గోంగూర డెన్మార్క్‌కు పంపాలని గట్టిగా అనుకుంటున్నాం. అక్కడ ఉంటున్నవాళ్ళు, సరుకు పంపిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

అక్కడి సూపర్ మార్కెట్లలో నెట్టో, ఫోటెక్స్, బిల్కా మూడూ సాలింగ్ గ్రూప్ అనే ఒకే కంపెనీవే. ఇంకా కోప్, రెమా 1000 ఉన్నాయి. అంటే ఏది కొనాలన్నది కొద్దిమంది చేతుల్లోనే ఉంటుంది. కొత్తవాళ్ళం నేరుగా వాళ్ళ కొనుగోలు విభాగానికి రాస్తే చూస్తారా? లేక కోపెన్‌హాగన్‌లోని ఇండియన్ షాపులకు సరుకిచ్చే ఇంపోర్టర్‌తో మొదలుపెట్టడమే మంచిదా? నాకైతే రెండోదే సరైన దారి అనిపిస్తోంది. కానీ అలా వెళ్తే మన బ్రాండ్ పెద్ద షాపుల దాకా ఎప్పటికీ చేరదేమోనని బెంగ.

ఎక్కువ టెన్షన్ లేబుల్ గురించే. వివరాలు డేనిష్‌లో ఉండాలి, అలర్జీ కలిగించే పదార్థాలు విడిగా కొట్టొచ్చినట్టు కనబడాలి. ఈయూ (యూరోపియన్ యూనియన్) చెప్పిన 14 అలర్జెన్లలో ఆవాలు ఒకటి, అవి లేకుండా ఆవకాయే లేదు. మేం వాడే నువ్వుల నూనెదీ అదే సంగతి. డేనిష్ లేబుల్ ఇక్కడే ముద్రించాలా, అక్కడ ఇంపోర్టర్ స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా? అనువాదం ఎవరితో చేయించారు? కారంలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషపదార్థం), పురుగుమందుల అవశేషాల పరీక్షకు ఎలాంటి ల్యాబ్ రిపోర్టు అడిగారు?

తర్వాత గోలీసోడా కూడా పంపాలని ఉంది. అక్కడ సోడా సీసాలకు 'పాంట్' డిపాజిట్ (ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కిచ్చే డబ్బు) తప్పనిసరి కదా, చిన్న మొత్తంలో పంపేవాళ్ళ తరఫున ఆ రిజిస్ట్రేషన్ ఎవరు చేస్తారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?