పన్నెండు వందల మాటలు వచ్చు, లెటర్ మాత్రం రాయలేకపోతున్నా – ఓఈటీ రాసిన సిస్టర్లు చెప్పండి

ఖమ్మం సిస్టర్:

అందరికీ నమస్తే. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సును. ఆరేళ్ల సర్వీసు, అందులో నాలుగేళ్లు మెడికల్ వార్డే. పదో తరగతి దాకా మా ఊరి జడ్పీ స్కూల్లో తెలుగు మీడియం. యూకే వెళ్దామని ఓఈటీకి, అంటే నర్సులు, డాక్టర్ల లాంటి వాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నా.

ఏడాది నుంచి రోజుకు నాలుగైదు ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటున్నా. రెండొందల పేజీల నోటుబుక్కులో మధ్యన గీత కొట్టి ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క తెలుగు అర్థం రాస్తా. నైట్ డ్యూటీలో రెండింటికి మందులన్నీ ఇచ్చేశాక, వార్డు సద్దుమణిగాక, కుడిపక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని అప్పజెప్పుకుంటా. పన్నెండు వందలు దాటాయి. ఏ పేజీ తీసి అడిగినా చెప్తా.

రైటింగులో పేషెంటు కేస్ నోట్స్ చూసి లెటర్ రాయాలి. దానికి కూర్చుంటే మాత్రం ఆ మాటలేవీ చేతికి రావు. 45 నిమిషాలు, అందులో మొదటి 5 కేస్ నోట్స్ చదవడానికే. 180 నుంచి 200 మాటల్లో రాయాలి. పోయిన వారం ప్రాక్టీసులో ఆయన రోజూ వ్యాయామం చేస్తాడని చెప్పడానికి "హి కమిట్స్ ఎక్సర్‌సైజ్ డైలీ" అని రాశా. నా పుస్తకంలో కమిట్ అంటే 'చేయు' అనే ఉంది. కోచింగ్ మేడమ్ ఎర్రపెన్నుతో చుట్టి "ఇలా అనరు" అన్నారు. ఎందుకు అనరో చెప్పలేదు.

రీడింగులోనూ అంతే. ఒకచోట పేషెంటు పొట్ట పరీక్ష చేస్తే "అన్‌రిమార్కబుల్" అని ఉంది. రిమార్కబుల్ అంటే 'గొప్ప' అని నా దగ్గర ఉంది. గొప్పగా లేదంటే బాగాలేదనే కదా అనుకుని తప్పు జవాబు పెట్టా. తర్వాత చూస్తే తేడా ఏమీ కనపడలేదు, మామూలుగానే ఉందని అర్థమట.

ఇంగ్లీషు టు ఇంగ్లీషు డిక్షనరీ చూడమంటారు. చూస్తే ఆ అర్థంలోనే ఇంకో రెండు తెలియని మాటలుంటాయి. వాటికోసం మళ్లీ పేజీలు తిప్పాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి అంత ఓపిక ఉండట్లేదు. అర్థాలు వదిలేసి ఉదాహరణ వాక్యాలు బట్టీ పట్టమంటారా? ఇన్నాళ్లు రాసుకున్నదంతా వృథాయేనా? నిజంగా బాధగా ఉంది.

రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్, నల్గొండ జిల్లా:

వృథా కాలేదమ్మా. కనపడితే గుర్తుపడుతున్నావు, సగం పని అయినట్టే. మిగతా సగం, ఆ మాట దేనితో జతకడుతుందో తెలుసుకోవడం.

కమిట్ జతకట్టేది క్రైమ్, మర్డర్, ఫ్రాడ్ లాంటి వాటితో. తెలుగులో నేరానికి పాల్పడ్డాడు అంటాం. వ్యాయామానికి పాల్పడ్డాడు అని ఎవరూ అనరు. నీ పుస్తకంలో 'చేయు' బదులు 'పాల్పడు' అని ఉంటే ఆ తప్పు నీ పెన్ను నుంచి వచ్చేదే కాదు. కాజ్ కూడా అలాంటిదే. 'కలిగించు' అని రాసుకుంటాం, కానీ అది ఎక్కువగా డ్యామేజ్, పెయిన్, ట్రబుల్ పక్కనే కనపడుతుంది. నష్టం వాటిల్లింది అంటాం గానీ లాభం వాటిల్లింది అంటామా? తెలుగు అర్థం రాసుకోవడం తప్పు కాదు. సరిగ్గా అతికే తెలుగు మాట దొరికేదాకా వెతక్కపోవడమే తప్పు. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఒక్క మాటకు ఒక్క అర్థం రాయించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

డిక్షనరీ గురించి. అట్ట మీద 'లెర్నర్స్' అని ఉన్నది తీసుకో. నీకొచ్చిన ఇబ్బందే ఢాకాలో బెంగాలీ పిల్లలకు వస్తుంటే మైకేల్ వెస్ట్ అనే ఉపాధ్యాయుడు చూశాడు. 1935లో ఆయన తెచ్చిన డిక్షనరీలో అర్థాలన్నీ 1,490 మాటలతోనే చెప్పాడు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ వాళ్లది సుమారు 2,000 మాటలతో నడుస్తుంది. పన్నెండు వందలు వచ్చిన నీకు అవి అందకుండా పోవు. 1987 నాటి కోబిల్డ్ డిక్షనరీ అయితే అర్థాన్నే నిండు వాక్యంగా చెప్తుంది, మాట వెనక ఏ ప్రిపొజిషన్ రావాలో అందులోనే కనపడుతుంది. ముందు ఉదాహరణ చదువు, తర్వాతే అర్థం దగ్గరికి వెళ్లు.

యూకే, లీడ్స్‌లో నర్సు:

చెల్లీ, నేనూ తెలుగు మీడియమే, గుంటూరు దగ్గర. నాకు రైటింగ్ రెండోసారికి వచ్చింది. మొదటిసారి 'కంప్లెయింట్' అంటే ఫిర్యాదు అనే బుర్రలో ఉండి, పేషెంటు హాస్పిటల్ మీద గొడవ పెట్టుకున్నట్టు రాసొచ్చా. "కంప్లెయిన్డ్ ఆఫ్ చెస్ట్ పెయిన్" అంటే ఛాతీలో నొప్పి అంటున్నాడని. మన హాస్పిటల్ మాటలన్నీ ఇలాగే ఉంటాయి. "డినైస్ ఎనీ అలర్జీస్" అంటే అలర్జీలు లేవని చెప్పాడు, అంతే. ఈ మాట పేషెంటును నమ్మనట్టుందని ఇప్పుడు ఇక్కడ కొందరు వద్దంటున్నారు, "రిపోర్ట్స్ నో అలర్జీస్" అని రాయి. "ప్రొడక్టివ్ కాఫ్" కళ్లెతో వచ్చే దగ్గు. "టెండర్" అంటే నొక్కితే నొప్పి. "క్రానిక్" అంటే చాలాకాలంగా ఉన్నది. బాగా ముదిరిందని కాదు.

నీకు వేరే పుస్తకం ఎందుకు? రోజూ నీ చేతుల మీదుగా ఎన్ని డిశ్చార్జి సమ్మరీలు పోతాయి! డ్యూటీకి ఒక్క వాక్యం రాసుకో. పేర్లు, ఐపీ నంబర్లు మాత్రం నోటుబుక్కులోకి రానివ్వకు.

ఇంకొకటి. నేను వచ్చినప్పుడు ఎన్‌ఎంసీకి, అంటే ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి, లిజనింగ్, రీడింగ్, స్పీకింగులో 350 మార్కులు కావాల్సొచ్చింది, రైటింగులో 300 చాలింది. మళ్లీ ఒకసారి చూసుకో. భయపడకు.

వరంగల్ నుంచి:

సిస్టర్, వాక్యం బట్టీ వద్దు. వాక్యం రాసి, మాట ఉన్నచోట ఖాళీ వదలండి. తెలుగు అర్థాన్ని కాదు, ఇంగ్లీషు మాటను దాచాలి. లెటర్లో మీరు చేయాల్సింది ఆ పనే కదా. ఫోన్లో ఆంకీ అని ఒక యాప్ ఉంది, మర్చిపోయేవి తొందరగా, వచ్చినవి ఆలస్యంగా అదే అడుగుతుంది.

ఖమ్మం సిస్టర్:

సార్, అక్కా, వరంగల్ సోదరా, నిన్న నైట్ కూర్చుని మూడు పేజీలే చూశా. 'అడ్మినిస్టర్' పక్కన 'పరిపాలించు' అని ఉంది. ఆరేళ్లుగా ఆ మాటను రోజూ డ్రగ్ చార్టులో చూస్తూ సంతకం పెడుతున్నా. అది, ఇది ఒకటేనని నాకు తట్టనే లేదు. కొట్టేసి కింద రాశా: "పారాసిటమాల్ వన్ గ్రామ్ వాజ్ అడ్మినిస్టర్డ్ ఎట్ టెన్ పీఎం."

'రిలీవ్' అంటే మా దగ్గర ఉద్యోగం మానేసి వెళ్లడం. దానికి రాసిన వాక్యం ఇది. సార్, సరిగ్గా ఉందో లేదో చూడండి: "ద పెయిన్ వాజ్ రిలీవ్డ్ విత్ రెస్ట్."

రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్, నల్గొండ జిల్లా:

'విత్' కూడా అంటారమ్మా, తప్పు కాదు. 'బై రెస్ట్' ఎక్కువగా కనపడుతుంది, అదే అలవాటు చేసుకో. రేపటి వాక్యం కూడా ఇక్కడే పెట్టు, చూస్తాను.