హర్లీ లేకర్స్‌కి పోతాడా, స్టోర్స్‌లోనే ఉంటాడా? యూకాన్ బ్యాచ్ అంతా ఒకసారి రండి

హస్కీరాజు (జూన్ 6, 2024)
పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే గుండె జారిపోయింది. ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ లాస్ ఏంజెలెస్ లేకర్స్ వాళ్ళు మన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ, ఊరు స్టోర్స్) బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ హర్లీ మీద కన్నేశారంట, పెద్ద ఆఫరే రెడీ చేస్తున్నారంట, రాసింది ఈఎస్‌పీఎన్ రిపోర్టర్ వోజ్నరోవ్‌స్కీ కాబట్టి గాలి వార్త అనుకోడానికి కూడా లేదు. ఏప్రిల్ 8న పర్డ్యూని 75-60తో కొట్టి వరసగా రెండో కాలేజీ నేషనల్ టైటిల్ తెచ్చి పట్టుమని రెండు నెలలే అయింది. కెంటకీ యూనివర్సిటీ కోచ్ కాలిపారి ఆర్కన్సాకి వెళ్ళిపోయాక ఆ పోస్ట్ ఖాళీ అయినప్పుడూ ఇదే టెన్షన్, పోనని చెప్పాడు, హమ్మయ్య అనుకున్నాం, ఇప్పుడు ఏకంగా ఎన్‌బీఏ. నేను హార్ట్‌ఫర్డ్ క్యాంపస్‌లో బిజినెస్ అనలిటిక్స్ చదివా, క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీని నాకు ఈ పిచ్చి అంటించింది ఈయనే. ఏమంటారు, పోతాడా?

ఓరుగల్లు_పోరడు
పోతడు అన్నా, రాస్కో. లేకర్స్ అంటే మాటలా. అటు దిక్కు లెబ్రాన్, ఆంథనీ డేవిస్ లాంటి స్టార్లు, ఇటు దిక్కు స్టోర్స్‌ల ఆవులు. పోకపోతే ఈ థ్రెడ్‌ల ఉన్నోళ్ళందరికి నేనే బిర్యానీ తినిపిస్త, మాటంటే మాటే.

సాంబార్_స్టోర్స్
ఆవుల జోలికి రావద్దు 😤 ఆ ఆవుల పాలతోనే డెయిరీ బార్ ఐస్‌క్రీమ్.
నేను ఇక్కడే పీహెచ్‌డీ, నాలుగో ఏడు. మన గ్యాంపెల్ స్టేడియంలో ఈయన్ని దగ్గర నుంచి చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఒక మ్యాచ్‌లో మనం పాతిక పాయింట్లు ముందున్నాం, జనం సగం మంది కోట్లు వేసుకుని పార్కింగ్ వైపు వెళ్ళిపోతున్నారు, ఈయన మాత్రం సైడ్‌లైన్ మీద మోకాళ్ళ దాకా వంగి డిఫెన్స్ ఎలా చెయ్యాలో బెంచ్‌లో పిల్లాడికి చేసి చూపిస్తున్నాడు, మొహం కందగడ్డలా ఎర్రగా, మెడ మీద నరాలు నాకు స్టూడెంట్ సెక్షన్‌లోంచే కనిపిస్తున్నాయి. వెంటనే రెఫరీ వైపు తిరిగి రెండు చేతులూ చాచి ఏదో అడిగాడు, ఏమడిగాడో ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు. ఎన్‌బీఏలో ఏడాదికి 82 మ్యాచ్‌లు ఇదే లెవెల్లో అరిస్తే క్రిస్మస్ లోపే ఆస్పత్రి పాలవుతాడు. నా ఓటు: ఉంటాడు.

కౌంటర్ఆఫర్_కింగ్
మీరంతా అమాయకులండీ బాబూ. పోనూ పోడు, ఊరికే ఉండనూ ఉండడు. ఇది మన ఐటీలో రోజూ జరిగేదే, బయట ఆఫర్ లెటర్ తెచ్చి మేనేజర్ టేబుల్ మీద పెట్టడం. పోయిన ఏడాది జూన్‌లోనే ఆరేళ్ళకి 32.1 మిలియన్ డాలర్లకి సంతకం పెట్టాడు, ఆ తర్వాత ఇంకో టైటిల్ కొట్టాడు, మరి హైక్ అడగడా? చూస్తూ ఉండండి, ఇంకో నెలలో కొత్త కాంట్రాక్ట్ వస్తుంది. (నేనూ ఓసారి ఇలాగే చేశా, 30 శాతం పెంచారు, ఎనిమిది నెలలకి లేఆఫ్ లిస్టులో మొదటి పేరు నాదే. హర్లీకి ఆ భయం లేదనుకోండి.)

ఇర్వైన్_ఇల్లాలు
ఇక్కడికి, అంటే లేకర్స్ ఉండే కాలిఫోర్నియాకి, రావాలనుకునేవాళ్ళకి ఉచిత సలహా: టాక్స్ చూసుకోండి. పై శ్లాబ్ కాలిఫోర్నియాలో 13.3 శాతం, కనెక్టికట్‌లో 6.99. ఇళ్ళ రేట్ల సంగతి ఎత్తను, బీపీ పెరుగుతుంది. మేం కనెక్టికట్ రాకీ హిల్ నుంచి వచ్చి మూడేళ్ళయింది, చలి లేదన్న ఒక్క సుఖం తప్ప చేతిలో మిగిలేది అంతే. ఆయన భార్య ఆండ్రియా కూడా వస్తుందిగా ఊరు చూడ్డానికి, ఆవిడ ఏమంటే అదే ఫైనల్, మా ఇంట్లో అలాగే జరిగింది 😀

గేటర్_బాబాయ్
యూకాన్ వాడిని కాను, కానీ ఈ నొప్పి తెలిసినవాడిని కాబట్టి దూరుతున్నా. 2007లో నేను గెయిన్స్‌విల్‌లో, ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎమ్మెస్. 2006, 2007 వరసగా రెండు టైటిల్స్, అచ్చం మీలాగే. మా కోచ్ బిల్లీ డోనవన్ ఎన్‌బీఏ టీమ్ ఓర్లాండో మ్యాజిక్‌తో సంతకం పెట్టేశాడు, ప్రెస్‌మీట్ కూడా అయిపోయింది. ల్యాబ్‌లో మా అమెరికన్ రూమ్మేట్ కీబోర్డ్ మీద తల పెట్టుకుని అరగంట లేవలేదు, వాళ్ళింట్లో ఎవరో పోయారేమో అనుకున్నా. నాలుగు రోజులు తిరక్కుండా డోనవన్ మనసు మార్చుకున్నాడు, నేను రాను, ఇక్కడే ఉంటా అని. పీటల దాకా వచ్చిన పెళ్ళి ఆగినట్టు. మ్యాజిక్ వాళ్ళు వదిలేశారు గానీ ఐదేళ్ళు ఎన్‌బీఏ వైపు చూడకూడదని షరతు పెట్టారు. చివరికి 2015లో ఎన్‌బీఏలోనే ఓక్లహోమా సిటీ టీమ్‌కి వెళ్ళనే వెళ్ళాడు. నేను చెప్పొచ్చేది ఏంటంటే సంతకం అయ్యేదాకా ఏడవకండి, సంతకం అయినా వెంటనే ఏడవకండి.

హస్కీరాజు
బాబాయ్ 😂😂 ఇది ధైర్యం చెప్పడమా భయపెట్టడమా

హింకిల్_హరి
నాది బట్లర్ యూనివర్సిటీ, ఇండియానాపొలిస్. 2010 ఫైనల్లో డ్యూక్ యూనివర్సిటీ మీద 61-59తో ఓడాం, మా గోర్డన్ హేవర్డ్ హాఫ్ కోర్ట్ నుంచి వేసిన బంతి రింగుకి తగిలి బయటికొచ్చింది, ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది నాకు. 2011లో మళ్ళీ ఫైనల్, ఈసారి మీరే కొట్టారు, 53-41, అంత ఘోరమైన షూటింగ్ జన్మలో చూళ్ళేదు, ఆ పాపం మీకు ఊరికే పోతుందా. సరే అసలు విషయం. మా కోచ్ బ్రాడ్ స్టీవెన్స్ ఎక్కడికీ పోడు అని మా అందరి నమ్మకం, పెద్ద కాలేజీలు పిలిచినా కదల్లేదు కాబట్టి. 2013 జూలైలో ఒక మధ్యాహ్నం ఎన్‌బీఏ టీమ్ బోస్టన్ సెల్టిక్స్‌కి కోచ్ అని న్యూస్. ఒక్క రూమర్ లేదు ముందు. మీకు కనీసం రూమర్ అయినా వచ్చింది, మానసికంగా ప్రిపేర్ అవ్వండి. ఇప్పుడు ఆయన కోచింగ్ మానేసి అక్కడే ప్రెసిడెంట్, ఆయన కట్టిన టీమే ఫైనల్స్ ఆడుతోంది. పోయినవాళ్ళు అందరూ చెడిపోరు. కాలేజీ నుంచి ఎన్‌బీఏకి పోయిన కోచ్‌లు పిటినో బోస్టన్‌లో, కాలిపారి నెట్స్‌లో, బీలైన్ క్లీవ్‌లాండ్‌లో ఏమయ్యారో కూడా తెలుసనుకోండి, బీలైన్ అయితే 54 మ్యాచ్‌లకే బై బై.

డెంటన్_డైరీ
సెల్టిక్స్ పేరెత్తకండి ప్లీజ్, డాలస్ జనం బాధలో ఉన్నాం, ఫైనల్స్ ఫస్ట్ మ్యాచ్‌లో వాళ్ళ చేతిలో 107-89తో ఓడాం.
మా యూఎన్‌టీ (నార్త్ టెక్సస్ యూనివర్సిటీ) సంగతి వినండి. 2023లో మా కోచ్ మెక్‌కాస్లండ్ ఎన్ఐటీ అనే కాలేజీ టోర్నమెంట్ గెలిపించాడు, మాకు అదే ప్రపంచ కప్పు. కప్పు మీద వేలిముద్రలు ఆరకముందే పెద్ద కాలేజీ టెక్సస్ టెక్‌కి ఛలో. చిన్న కాలేజీలకి ఇది మామూలే, మంచి కోచ్ అంటే అద్దె ఇంట్లో మంచి టెనెంట్ లాంటోడు, సొంతిల్లు కొనుక్కునేదాకే ఉంటాడు. మీరు పెద్దోళ్ళు, ఆరు టైటిల్సు ఉన్నాయి, మీక్కూడా ఈ భయాలేంటి?

మిడిల్‌టౌన్_మాస్టారు
ఇప్పుడే సత్యనారాయణస్వామి గుడి నుంచి వచ్చి చూస్తున్నాను. కాస్త పాత సంగతులు చెప్తాను, ఓపిక ఉంటే చదవండి బాబూ. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. యూకాన్ కోచ్‌గా జిమ్ కాల్హూన్ 1986లో వచ్చి 2012 దాకా ఉన్నాడు, మూడు టైటిల్స్ ఇచ్చాడు. ఆడపిల్లల టీమ్‌కి జీనో ఆరియెమ్మా 1985లో వచ్చాడు, ఇంకా ఉన్నాడు, 11 టైటిల్స్. అంటే ఈ ఊరికి మనిషిని పట్టి ఉంచే గుణం ఏదో ఉంది. రైలు లేదు, బీచ్ లేదు, వ్యవసాయ పాఠశాలగా పుట్టిన కాలేజీ, చలికాలంలో బాస్కెట్‌బాల్ తప్ప ఇంకో పని లేదు. బహుశా అదే కారణం.
ఇంకోటి, ఈ అబ్బాయి తండ్రిని చూడండి. బాబ్ హర్లీ సీనియర్, జెర్సీ సిటీలో సెయింట్ ఆంథనీ అనే చిన్న హైస్కూల్. ప్రొబేషన్ ఆఫీసర్ ఉద్యోగం చేసుకుంటూ అక్కడే 26 స్టేట్ టైటిల్స్ గెలిపించాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు, ఆ స్కూల్ 2017లో మూతపడేదాకా వదల్లేదు. అన్న బాబీ డ్యూక్‌లో స్టార్, ఈయన సీటన్ హాల్‌లో ఆ నీడలో నలిగిపోయి మధ్యలో కొన్నాళ్ళు ఆటే మానేశాడు. తర్వాత హైస్కూల్, వాగ్నర్, రోడ్ ఐలండ్, మెట్టు మెట్టు ఎక్కి 2018లో ఇక్కడికొచ్చాడు. పిల్లల్ని తిట్టి, కొట్టినంత పని చేసి, తర్వాత కౌగిలించుకునే రకం. వందల మిలియన్ల జీతగాళ్ళ మీద ఆ పప్పులుడకవు. పోడు.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు గారు మంచిగ చెప్పిండ్రు గానీ తండ్రి చేసిండని కొడుకు చెయ్యాల్నని ఉందా సార్? మా నాయన కూడ ఒక్క బడిల్నే 32 ఏండ్లు పంతులు. నేను ఆరేండ్లల్ల నాలుగు కంపెనీలు మారిన.

సాంబార్_స్టోర్స్ (జూన్ 8)
నిన్న ఎల్ఏలో మీటింగ్ అయిపోయిందంట. ఇక్కడ క్యాంపస్ వేసవి కదా, ఈగలు తోలుకుంటోంది, కానీ కాఫీ లైన్లో అందరిదీ ఇదే టాపిక్. నాకు భయం కోచ్ ఒక్కడి గురించే కాదు. మన ఆటగాళ్ళలో కాసిల్, క్లింగన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ఎన్‌బీఏ టీమ్‌లు కొత్తవాళ్ళని ఎంచుకునేది) వెళ్ళిపోయారు, న్యూటన్, స్పెన్సర్‌లకి కాలేజీ ఆట అయిపోయింది. కరబాన్ ఎన్‌బీఏ వదులుకుని ఇప్పుడే వెనక్కి వచ్చాడు, మెక్‌నీలీ కొత్తగా వస్తున్నాడు. కోచ్ పోతే పిల్లలకి వేరే కాలేజీకి మారడానికి 30 రోజులు ట్రాన్స్‌ఫర్ కిటికీ తెరుచుకుంటుంది, జూన్‌లో టీమ్ మొత్తం చెల్లాచెదురు. ఇల్లినాయ్ మీద 23-23 దగ్గర మొదలుపెట్టి 53-23 దాకా వాళ్ళకి ఒక్క పాయింట్ ఇవ్వని టీమ్ గుర్తుందిగా, వరసగా 30. అలాంటిది రెండు రోజుల్లో గాల్లో కలిసిపోతుందంటే నిద్ర పట్టట్లేదు, నా థీసిస్ గురించి కూడా ఇంత టెన్షన్ పడలేదు, మా గైడ్ ఇది చదవడు అని ధైర్యం.

హస్కీరాజు (జూన్ 10)
ఉంటున్నాడు!!!!!!!! లేకర్స్ ఇస్తామన్న ఆరేళ్ళకి 70 మిలియన్లు వద్దన్నాడు!!! పొద్దున ప్రాక్టీస్‌కి ముందు టీమ్‌తో కూర్చున్నాడంట! నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నా, మ్యూట్‌లో లేనని తర్వాత తెలిసింది, మా క్లయింట్ కూడా కంగ్రాట్స్ చెప్పాడు, ఆయనా ఇక్కడోడే.

సాంబార్_స్టోర్స్
😭😭😭 మూడోది కొడదాం. యూసీఎల్ఏ తర్వాత వరసగా మూడు ఎవరూ కొట్టలేదు, 1973 నుంచీ!

హింకిల్_హరి
అదృష్టవంతులురా మీరు. 2004లో డ్యూక్ కోచ్ కె (షెషెవ్‌స్కీ) కూడా ఇదే లేకర్స్‌కి నో చెప్పి డ్యూక్‌లోనే ఆగాడు, ఆ జాబితాలోకి ఎక్కారు.

ఇర్వైన్_ఇల్లాలు
నేను చెప్పానా లేదా, టాక్స్ 😌

డెంటన్_డైరీ
ఓరుగల్లు బ్రదర్ ఎక్కడ? బిర్యానీ అన్నారు ఎవరో

కౌంటర్ఆఫర్_కింగ్ (జూలై)
యూకాన్‌తోనే ఆరేళ్ళు, 50 మిలియన్లు. కొత్త కాంట్రాక్ట్. నెల అన్నానా, నెలలోనే. ఇక నేనేం మాట్లాడను.

మిడిల్‌టౌన్_మాస్టారు
నాయనా, 70 వద్దని 50 తీసుకున్నవాడిని హైక్ కోసం నాటకం ఆడాడంటారా? లెక్కల మాస్టారిని, నాకైతే 20 తక్కువే కనిపిస్తోంది.

కౌంటర్ఆఫర్_కింగ్
మాస్టారూ, 32 ఎక్కడ 50 ఎక్కడ, మీరు ఎటువైపు నుంచి లెక్కేస్తే అటు వస్తుంది 🙏

ఓరుగల్లు_పోరడు
ఉన్న అన్నలు, ఎక్కడికి పోలే. బిర్యానీ పక్కా, కాకపోతే 17 మంది రిప్లై ఇచ్చిండ్రు, సగం మంది మ్యాచే చూడనోళ్ళు. హార్ట్‌ఫర్డ్ వచ్చినోళ్ళకే. ఆదివారం. వెజ్ వాళ్ళకి పనీర్, అడగకుర్రి ఇంగ.

గేటర్_బాబాయ్ (మార్చి 23, 2025)
పాత థ్రెడ్ తవ్వినందుకు క్షమించాలి. నేషనల్ టోర్నమెంట్‌లో మా ఫ్లోరిడా 77, యూకాన్ 75. 🐊 మూడోది కొడదాం అన్నదెవరమ్మా?

సాంబార్_స్టోర్స్
బాబాయ్ మీతో మాట్లాడను. సీజన్ మొదట్లో హవాయిలోని మావీ టోర్నమెంట్‌లో వరసగా మూడు ఓడినప్పుడే ఈ ఏడాది మనది కాదని తెలిసింది, అయినా ఆఖరి నిమిషం దాకా నిలబడే చూశా, కూర్చుంటే ఓడిపోతామని. మా హర్లీ మ్యాచ్‌లకి అదృష్టం డ్రాగన్ బొమ్మల అండర్‌వేర్ వేసుకుంటాడు, నేను నిలబడితే తప్పా.

హస్కీరాజు
ఆయన మొహం చూశారా బయటికి వెళ్తుంటే. రెండేళ్ళు గెలిచి గెలిచి అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు. నాకు మళ్ళీ భయం మొదలైంది, ఈసారి లేకర్స్ గురించి కాదు, అసలు కోచింగే చాలనుకుంటాడేమోనని.

ఓరుగల్లు_పోరడు
ఉంటడు అన్నా. ఈసారి పందెం మాత్రం కట్టను.

డెంటన్_డైరీ
పాత బిర్యానీయే నాకు రాలేదు, డాలస్‌కి పార్సిల్ పంపిస్తానన్నావ్.

ఓరుగల్లు_పోరడు
హార్ట్‌ఫర్డ్ వచ్చినోళ్ళకే అన్న అన్నా, పైకి పోయి సదువుకో.