ముజిదొరా: నటిగా అందరికీ తెలుసు, నిర్మాతగా ఏం చేసింది?

అరండల్‌పేట లెక్చరరు (గుంటూరు):

గుంటూరులో పది పన్నెండు మందిమి కలిసి నడుపుకొంటున్న మా ఫిల్మ్ సొసైటీలో ఈ నెల మూకీ చిత్రాల వంతు వచ్చింది. లూయీ ఫుయాద్ దర్శకత్వం వహించిన ‘లే వాంపీర్’ ధారావాహికలో రెండు భాగాలు ప్రదర్శించి, అందులో ఇర్మా వెప్ పాత్ర ధరించిన ఫ్రెంచి నటి ముజిదొరా గురించి ఇరవై నిమిషాలు మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. పేరు చెప్పగానే మా విద్యార్థి ఒకడు “ఎవరండీ ఈ దొర?” అని అడిగి అందరినీ నవ్వించాడు. ఫ్రెంచివారు పలికే తీరుకు ‘ముజిదొరా’ అన్నదే దగ్గరగా ఉన్నందువల్ల నేను ఆ రూపాన్నే ఉంచుకొన్నాను.

నా ఇబ్బంది ఏమిటంటే, నేను చదివిన వ్యాసాలన్నీ ఇర్మా వెప్‌గా ఆమె వేసుకొన్న నల్లని బిగుతు దుస్తుల దగ్గర, అంటే 1916 దగ్గర, ఆగిపోతున్నాయి. “తరువాత కొన్ని చిత్రాలు నిర్మించింది” అని ఒక్క వాక్యం రాసి ముగిస్తున్నారు. సొంత సంస్థ పెట్టి, తానే దర్శకత్వం వహించిన మనిషి గురించి ఒక్క వాక్యం చాలదని నా మనసుకు అనిపిస్తోంది. ఆమె నిర్మించినవి ఏమిటి, ఎందుకు కొద్ది ఏళ్లలోనే ఆ పని ఆగిపోయింది, ఆ తరువాతి ముప్పై ఏళ్లు ఎలా గడిచాయి అన్నవి తెలిసినవారు వివరించగలరు. ఇక్కడి శ్రోతలు తప్పకుండా భానుమతి గారితో పోల్చమంటారు. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో కూడా చెబితే మేలు.

గవర్నరుపేట మూకీ ప్రియుడు (విజయవాడ):

అమ్మా, మీ అనుమానం సరైనదే. ఆమె కథలో అసలు బరువంతా 1916 తరువాతి పదేళ్లలోనే ఉంది. అయినా మొదటి భాగం కొంత చెప్పకుండా రెండోది అర్థం కాదు.

ఆమె అసలు పేరు జాన్ రోక్. 1889 ఫిబ్రవరి 23న పారిస్‌లో పుట్టింది. తండ్రి సంగీతకారుడు, సోషలిస్టు భావాలు గలవాడు. తల్లి స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మనిషి. తెయోఫీల్ గోతియే రాసిన ఒక నవలలోని పాత్ర నుంచి ముజిదొరా అనే రంగస్థల నామాన్ని తానే ఎంచుకొంది. 1914లో కార్మికుల సహకార సంఘం ఒకటి తీసిన చిత్రంలో, సూది పనితో పొట్టపోసుకొనే ఇల్లాలి పాత్రతో ఆమె తెరమీదికి వచ్చిందన్న సంగతిని మీ ప్రసంగంలో వదలవద్దని నా మనవి. దొంగల ముఠా మనిషిగా ప్రపంచానికి తెలిసిన నటి మొదటి వేషం ఒక దర్జీ కూలీది కావడం, ఆ చిత్రాన్ని పెట్టుబడిదారులు కాక కార్మికులే నిర్మించడం, రెండూ తరువాత ఆమె చేసిన పనులకు పునాదిలా కనిపిస్తాయి.

ఆ తరువాత పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ రంగస్థలం మీద ఆమెను చూసిన ఫుయాద్ గోమోన్ అనే చిత్ర నిర్మాణ సంస్థకు తీసుకొన్నాడు. ‘లే వాంపీర్’ 1915 నవంబరు నుంచి 1916 జూన్ వరకు పది భాగాలుగా విడుదలైంది; అన్నీ కలిపితే ఇంచుమించు ఏడు గంటలు. యుద్ధం నడుస్తున్న రోజులు, నటులు సైన్యంలోకి వెళ్లిపోతున్నారు, కథ ఎప్పటికప్పుడు మారుతోంది. దొంగలను మరీ ఆకర్షణీయంగా చూపుతున్నారని పారిస్ పోలీసు శాఖ కొంతకాలం ప్రదర్శనను నిలిపివేసింది కూడా. ముజిదొరా స్వయంగా వెళ్లి అధికారిని ఒప్పించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని కథగానే చెప్పండి. తరువాత ఫుయాద్‌దే ‘జూదెక్స్’లో మళ్లీ ప్రతినాయిక వేషం కట్టింది. అక్కడితో ఆమె కీర్తి శిఖరానికి చేరింది.

ఇక మీరు అడిగిన భాగం. ఆ కీర్తిని పట్టుకొని అలాంటి వేషాలే మరో పదేళ్లు వేసుకొంటూ కూర్చోవడం ఆమెకు సులభం. ఆమె అలా చేయలేదు. రచయిత్రి కొలెట్ ఆమెకు ఆప్తురాలు. కొలెట్ నవల ఆధారంగా ఇటలీలో తీసిన చిత్రంలో నటించింది. కొలెట్ ఆమె కోసమే అల్లిన కథతో ‘లా ఫ్లామ్ కాషే’ తీసింది. ఆ చిత్రం ఇప్పుడు లేదు, నశించిపోయింది. తన పేరుతోనే సంస్థ పెట్టుకొని తీసినవాటిలో ముఖ్యమైనది 1921లో విడుదలైన ‘పూర్ దోన్ కార్లోస్’. స్పెయిన్ సింహాసనం కోసం జరిగిన కార్లిస్టు యుద్ధం నేపథ్యంగా పియేర్ బెన్వా రాసిన నవలను తీసుకొని, జాక్ లసేన్‌తో కలిసి దర్శకత్వం వహించి, నాయిక పాత్రనూ తానే ధరించింది. అదే సంవత్సరం మన విజయవాడలో మారుతీ హాలు మొదలయింది. ఈ ముక్క చెబితే మీ శ్రోతలకు ఆ కాలం చేతికందినట్లు ఉంటుంది.

ఆపైన ఆమె స్పెయిన్‌లోనే ఉండిపోయింది. 1922 నాటి ‘సొలేయ్ ఎ ఓంబ్ర్’లో ఇద్దరు స్త్రీల పాత్రలనూ తానే పోషించింది. గుర్రం మీద నుంచి ఎద్దులతో పోరాడే ఆంతోనియో కన్యేరో ఆ చిత్రంలో నాయకుడు. 1924లో తీసిన ‘లా తియెర్రా దె లోస్ తోరోస్’ మరీ విచిత్రమైన ప్రయోగం: తెర మీద చిత్రం కొంతసేపు నడిచి ఆగుతుంది, ముజిదొరా స్వయంగా రంగస్థలం మీదికి వచ్చి ఆడి పాడి వెళుతుంది, మళ్లీ చిత్రం సాగుతుంది. సినిమానూ నాటకాన్నీ ఒకే టికెట్టు మీద చూపించే ఈ పద్ధతికి సురభి వారి ఊళ్ల నుంచి వచ్చిన మనం ఆశ్చర్యపోనక్కరలేదు గాని, అలాంటి ప్రదర్శన ఆమె ఉన్నచోటనే జరుగుతుంది. నూరు ప్రింట్లు తీసి నూరు ఊళ్లకు పంపి డబ్బు రాబట్టుకొనే వ్యాపారం దానితో సాధ్యపడదు. నిర్మాతగా ఆమె బలమూ బలహీనతా ఆ ఒక్క చిత్రంలోనే కనిపిస్తాయని నేను అనుకొంటాను.

బీసెంట్ రోడ్డు పాఠకుడు (విజయవాడ):

పై సమాధానానికి చిన్న చేర్పు. ప్రదర్శనకు ముందే మీరు ఒక మాట స్పష్టం చేయాలి: ఆ చిత్రంలో రక్తం తాగే పిశాచాలు ఉండవు. ‘వాంపీర్’ అన్నది పారిస్‌లోని దొంగల ముఠా పేరు. మా మిత్రుడొకరు దెయ్యాల చిత్రమనుకొని వచ్చి అరగంట తరువాత చెప్పులు వేసుకొని లేచిపోయారు. అలాగే ఇర్మా వెప్ అనే పేరులోని అక్షరాలను తారుమారు చేస్తే వాంపీర్ అవుతుంది. మూడో భాగంలో గోడ మీది ప్రకటనలోని అక్షరాలు మన కళ్లముందే కదిలి సర్దుకొంటాయి. తెలుగు లిపిలో ఈ చమత్కారం ఎంత గింజుకొన్నా కుదరదు కనుక, బోర్డు మీద ఫ్రెంచి అక్షరాలు రాసి చూపించండి.

తెనాలి వాసి:

భానుమతి గారి పోలిక గురించి నా అభిప్రాయం. పైకి పోలికలు చాలా ఉన్నాయి. ఇద్దరూ నటీమణులు, ఇద్దరూ గాయనీమణులు, ఇద్దరూ సొంత సంస్థలు పెట్టారు, ఇద్దరూ దర్శకత్వం వహించారు, ఇద్దరూ పుస్తకాలు రాశారు. ముజిదొరా నవలలూ కవితలూ ప్రచురించింది. భానుమతి గారి హాస్య కథలు మన ఇళ్లలో ఇప్పటికీ చదువుతున్నారు. భానుమతి గారు పుట్టిన దొడ్డవరం ఆనాడు గుంటూరు జిల్లాలోనే ఉండేది కనుక మీ శ్రోతలకు అభిమానమూ తోడవుతుంది.

అయితే ఇక్కడే జాగ్రత్త పడాలి. భానుమతి గారి సొంత సంస్థ భరణీ పిక్చర్స్ మొదటి చిత్రం ‘రత్నమాల’ 1948లో వచ్చేనాటికి మద్రాసులో స్టూడియోలు, పంపిణీదారులు, పాటల రికార్డుల వ్యాపారం, వేల మంది ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. భర్త రామకృష్ణారావు గారే దర్శకులు. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీయగలిగారంటే, ఆమె ప్రతిభతోపాటు ఆ ఏర్పాటు కూడా వెనుక ఉంది. ముజిదొరా సంస్థ పెట్టిన కాలంలో ఫ్రాన్సు యుద్ధంలో చితికిపోయి ఉంది, పాతే వంటి పెద్ద సంస్థలే నిర్మాణం తగ్గించుకొంటున్నాయి, హాళ్లలో అమెరికా చిత్రాలు నిండిపోయాయి. పెద్ద ఓడలే ఒడ్డు చేరలేని గాలిలో ఆమె నాటుపడవ వేసుకొని బయలుదేరింది. కనుక ‘నిలబడలేకపోయింది’ అన్న మాట వాడినా, ఆమె చేతకానితనంగా దాన్ని వినిపించవద్దని కోరుతున్నాను. సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ తీసినప్పుడు కూడా మనవాళ్లు నష్టాన్నే చెప్పుకొన్నారు గాని, ఆమె ఆడవాళ్లను పోగుచేసి ఆ చిత్రాన్ని ఎలా తీశారో చెప్పుకొన్నవారు తక్కువ.

అరండల్‌పేట లెక్చరరు (గుంటూరు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. తెనాలి వాసి గారి హెచ్చరిక విన్న తరువాత పోలికను ప్రసంగంలో ప్రధానం చేయకుండా, ఎవరైనా అడిగితేనే చెబుదామని నిర్ణయించుకొన్నాను. మూకీ ప్రియుడు గారూ, స్పెయిన్ తరువాతి సంగతి కూడా పూర్తి చేయగలరా?

గవర్నరుపేట మూకీ ప్రియుడు (విజయవాడ):

తప్పకుండానమ్మా. 1926 తరువాత ఆమె వెండితెరకు దూరమయింది. 1927లో ఒక వైద్యుణ్ని వివాహమాడింది, కొడుకు పుట్టాడు, నాటకాలూ రచనలూ సాగించింది. 1944లో ఆ వివాహం విడాకులతో ముగిసింది. ఈలోగా అధివాస్తవిక కవులైన అరగాఁ, బ్రెతోఁలు ఆమెను తమ యౌవనానికి ఆరాధ్య దేవతగా కీర్తించారు. ఈ కీర్తనలే ఆమెను ఆ నల్లదుస్తులలో శాశ్వతంగా బంధించాయని నాకు కొంచెం కినుక.

నేను ఎక్కువగా ఇష్టపడేది చివరి ఘట్టం. పాత చిత్రాలను సేకరించి భద్రపరచడానికి ఆన్రీ లాంగ్లువా పారిస్‌లో స్థాపించిన సినిమాతెక్ ఫ్రాన్సేజ్‌లో ఆమె చాలా ఏళ్లు ఉద్యోగం చేసింది. మూకీల కాలంలో పనిచేసి మరుగున పడిపోయిన నటులను, సాంకేతిక నిపుణులను పిలిపించి, వారి జ్ఞాపకాలను రాసి భద్రపరిచే పనిలో పాలుపంచుకొంది. ఎవరూ అడగని ప్రశ్నలను వాళ్లను అడిగింది, ఎందుకంటే ఆ సెట్లలో ఆమె కూడా ఉంది. 1950లో తన పాత చిత్రాల ముక్కలను కూర్చి ఒక చిన్న చిత్రం కూడా చేసింది. 1957 డిసెంబరులో మరణించింది.

1974లో పారిస్‌లో స్త్రీల చిత్రోత్సవం నిర్వహించిన బృందం తమకు ముజిదొరా అనే పేరు పెట్టుకొంది. మీ సొసైటీలో ప్రొజెక్టరు బాగుంటే ‘సొలేయ్ ఎ ఓంబ్ర్’ నుంచి పది నిమిషాలైనా చూపించండి. ఒకే మనిషి రెండు పాత్రలలో ఎదురుపడే చోట ఆపి, దర్శకురాలూ ఆమేనని అప్పుడు చెప్పండి.