8, 12, 18 రోజులకోసారి సర్వీసింగ్, మూడూ మళ్ళీ ఒకే రోజు ఎప్పుడు పడతాయి?

ప్రశ్న:
మూడు మెషీన్లున్నాయండీ, ఒకదానికి 8 రోజులకోసారి, ఇంకోదానికి 12, మూడోదానికి 18 రోజులకోసారి సర్వీసింగ్ చెయ్యాలి. ఇవాళ మూడూ ఒకేసారి పడ్డాయి. మూడు నంబర్లూ గుణిస్తే 1728 వస్తోంది కానీ క్యాలెండర్‌లో టిక్కులు పెట్టుకుంటూ పోతే 72వ రోజుకే కలిసిపోతున్నాయి. గుణిస్తే ఎందుకు కుదరట్లేదు?

జవాబు 1:
1728వ రోజు కూడా కలుస్తాయండీ, కాకపోతే అప్పటికది 24వ సారి. మీక్కావాల్సింది మొదటిసారి, అంటే క.సా.గు. (మూడింటితోనూ భాగం పోయే అతి చిన్న సంఖ్య). 8 అంటే 2×2×2, 12 అంటే 2×2×3, 18 అంటే 2×3×3. 8లో ఎలాగూ మూడు 2లు ఉన్నాయి కదా, 12కి కావాల్సిన రెండు 2లూ వాటిల్లోనే దొరికేస్తాయి, దాని 3 ఏమో 18లో ఉంది, ఇంక కొత్తగా తేవాల్సిందేం లేదు. 2×2×2×3×3 = 72, అంతే. ఉమ్మడి కారణాంకాలు లేనప్పుడే ఊరికే గుణించేస్తే సరిపోతుంది. అమెరికాలో 13 ఏళ్లకోసారి, 17 ఏళ్లకోసారి నేలలోంచి బయటికొచ్చే సికాడా పురుగులున్నాయి, రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి 13×17 = 221. నిజంగానే 1803లో కలిసొచ్చిన రెండు గుంపులు మళ్ళీ 2024లోనే కలిసొచ్చాయి!

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, క్లియర్‌గా ఉంది. మరి అన్నీ ఒకే రోజు మొదలవ్వకపోతే?

జవాబు 2:
ఇది చాలా మంచి డౌటు, చాలామంది క.సా.గు. దగ్గరే ఆగిపోతారు. ఒకసారి కలిశాక మళ్ళీ ఎన్నాళ్ళకి అన్నదే అది చెప్తుంది, అసలు కలుస్తాయా లేదా అన్నది చెప్పదు. 6 రోజుల పని 2వ రోజున, 9 రోజుల పని 5వ రోజున మొదలయ్యాయనుకోండి: 2, 8, 14... ఇటు 5, 14... 14న కలిశాయి, అక్కణ్ణించి ప్రతి 18 రోజులకీ. అదే రెండోది 4న మొదలైతే 4, 13, 22, 31 అలా పోతూనే ఉంటుంది, ఎన్నేళ్లు చూసినా కలవవు. ఎందుకంటే 6, 9ల గ.సా.భా. (రెండింటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) 3, రెండు పనులూ వేసే ప్రతి అంగా 3 గుణిజమే, అందుకని రోజు నంబర్‌ని 3తో భాగిస్తే వచ్చే శేషం ఎప్పటికీ మారదు. ఒకదానికి 2, ఇంకోదానికి 1, ఇంకెలా కలుస్తాయి? కాబట్టి మొదలైన రోజుల తేడా గ.సా.భా.తో భాగం పోతుందా అని ముందు చూసుకోండి. మూడు పనులుంటే ప్రతి జతకీ చూడాలి, అన్ని జతలకీ కుదిరితే మూడూ తప్పకుండా కలుస్తాయి.

జవాబు 3:
ఇంకోటి, 360 రోజుల్లో ఎన్నిసార్లు అంటే 360÷72 = 5, ఇవాళ్టిది కూడా కలిపితే 6, ఏది అడిగారో చూసుకోండి. వారం కూడా ఇదే రావాలంటే 7ని కూడా కలిపి క.సా.గు. తియ్యాలి, 504 రోజులు.