ఏ గల్లీ ముందు మునుగుతదో మ్యాప్ చేయాలె, డేటా ఎక్కడ దొరుకుతది?

సందేహం: అందరికీ నమస్తే. మాది హన్మకొండ. వానలు మొదలుగాక ముందే రెండు రోజుల హ్యాకథాన్ (జట్లుగ కూసొని కంప్యూటర్ల మీద ఏదన్న తయారుజేసే కార్యక్రమం) పెడుతున్నం. నైంనగర్, హంటర్ రోడ్డు దిక్కు ఏ గల్లీకి ముందు నీళ్లొస్తయో చూపే మ్యాప్ చేయాలని ఉంది. పోయినసారి ఇంకోచోట పాల్గొన్న, రెండు దినాలూ ఫైళ్లు సరిజేసుడుకే అయిపోయినయ్. ఈసారి అట్ల గావద్దంటే ఏం జేయాలె?

జవాబు: తమ్ముడూ, ఫైళ్ల పని హ్యాకథాన్‌కు రెండు వారాల ముందే ఇద్దరు కూసొని అయిపోగొట్టుండ్రి. వాన లెక్కలు మండలాల వారీగ రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్‌ల ఉంటయి. జిల్లా సగటు మాత్రం తీసుకోకు. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్లు పడ్డది. సగటు తీస్తే అంత వాన కూడ కనబడకుంట పోతది.

ఇంకోటి, జిల్లా పేర్లతోని ఫైళ్లు కలపకు. 2016ల జిల్లాలు విడగొట్టిండ్రు, 2021ల వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు ఉత్త వరంగల్ అయింది. అప్పుడే పరకాల హన్మకొండలకు పోయింది, ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాలకు వచ్చింది. పాత షీటుల పేరు మార్చినంత మాత్రాన లెక్క కుదరదు. మండలం ఎల్‌జీడీ కోడ్ (కేంద్ర ప్రభుత్వ జాబితాల ఒక్కో మండలానికి ఉండే నంబర్) వెట్టి కలుపు.

సందేహం: అన్నా, ఎత్తుపల్లాలకు ఎస్‌ఆర్‌టీఎం (స్పేస్ షటిల్ రాడార్‌తోని కొలిచిన భూమి ఎత్తుల) డేటా సరిపోతదా?

జవాబు: గల్లీ లెక్కకు సరిపోదు. దాంట్ల ఒక్కో గడి 30 మీటర్లు, ఎత్తుల కొన్ని మీటర్ల తేడా రావొచ్చు. మోకాలి లోతు నీళ్లు దాంట్ల ఎట్ల కనబడతయి? ఇంటింటికి పోయి అడుగుండ్రి. 2023 వరదకు నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో గోడ మీద చూపిస్తరు. రోడ్డు మీదికెల్లి టేపుతోని కొలువుండ్రి, ఫోన్‌ల లొకేషన్ రాసుకోండ్రి. ఇంటోళ్ల పేర్లు, నంబర్లు మాత్రం రాయొద్దు. నా మటుకు నాకు మొత్తం హ్యాకథాన్‌ల అన్నిటికన్న విలువైన డేటా ఇదే, ఏ పోర్టల్‌ల దొరకదు.

నాలాల పూడిక ఎప్పుడెప్పుడు తీసిండ్రో కావాలంటే మున్సిపల్ కార్పొరేషన్‌ల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. అందుకే రేపే వేయి. కంప్యూటర్‌ల ఉన్నదుంటే ఎక్సెల్ ఫైలే ఇయ్యమని దరఖాస్తుల రాయి. కాగితాలొస్తే మళ్ల టైపు కొట్టుడే. తెలుగు పీడీఎఫ్ 'అను' అనే పాత రకం ఫాంట్ల ఉంటే కాపీ చేసినప్పుడు పిచ్చి గీతలొస్తయి. యూనికోడ్‌లకు (అన్ని కంప్యూటర్లల చదవొచ్చే అక్షరాలలకు) మార్చినంక ఒత్తులు, అంకెలు ఒక్కొక్కటి కండ్లతోని చూడాలె.

ఇంకొకరు: బిడ్డా, నేను నాలా పక్కన్నే ఉంట. ఒక్క వాననే లెక్కవెడితే తప్పు వస్తది. మనయి కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు. పైనున్న చెరువు మత్తడి దుంకితే (నిండి పొర్లితే) కిందికి నీళ్లు వస్తయి, మా కాడ వాన ఆగినంక గూడ. వడ్డేపల్లి చెరువు ఎప్పుడు మత్తడి వోసింది, మీ గల్లీకి నీళ్లు ఎన్ని గంటలకు వచ్చినయ్ అని ముసలోళ్లను, సఫాయి కార్మికులను అడుగుండ్రి. వాళ్లను హ్యాకథాన్‌కు గూడ పిలువుండ్రి. పిల్లలు చేసిన మ్యాప్‌ల నాలా ఎటు మలుగుతదో తప్పుంటే ఒక్క చూపుల చెప్తరు.

సందేహం: పెద్దమ్మా, ఈ మత్తడి సంగతి మేం అనుకోనే లేదు. దానికి ఒక కాలమ్ పెడుతున్నం. ఆర్టీఐ రేపు వేస్తం. ఆదివారం పొద్దున ఏడింటికి టేపులు వట్టుకొని మీ గల్లీకెల్లే మొదలువెడతం. మీరు ఇంటికాడ ఉంటరా?